పాత నాణేలు — కొన్ని కబుర్లు, కొన్ని జాగ్రత్తలు

మన ఇండ్లలో చాలా చోట్ల ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీరెల క్రింద, ఒక చిన్న మూటలోనో పాత పౌడరు డబ్బాలోనో నాలుగు నాణేలు వుంటవి. అవి ఎవరివో, ఎందుకు దాచారో అడిగితే, "మీ తాతమ్మ దాచింది, ముట్టుకోకు" అంటారు పెద్దవాళ్లు. అంతకు మించి ఎవరికీ తెలియదు. ఆ మూట విప్పవలసిన రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజున ఏమి చేయవలెనో, ముఖ్యంగా ఏమి చేయకూడదో చెప్పుకోవటానికే ఈ వ్యాసం.

నేను పండితుణ్ణి కాను. నాణేలంటే ఇష్టం వున్నవాణ్ణి, వాటి విషయంలో తప్పులు చేసినవాణ్ణి. ఆ తప్పులు మీరు చేయకుండా వుంటే నా శ్రమ ఫలించినట్లే.

మా ఆదివారం బల్ల

బరంపురంలో మా తెలుగువాళ్లకు ఒక చదువుగది వున్నది. నెలలో మొదటి ఆదివారం నాడు, కాఫీలు అయిన తరువాత, అక్కడి పొడవుబల్ల మీద ఒక పాత తువ్వాలు పరుస్తాము. రైల్వేలో పనిచేసి విరమించుకున్న పెద్దాయన ఒకరు, తెలుగు మాస్టారు ఒకరు, కిరాణాకొట్టు శెట్టిగారు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రవాళ్లు, నేను — ఇంతే మా సభ. అధ్యక్షులు లేరు, చందా లేదు. ఎవరి జేబులో ఏ నాణెం వుంటే అది తువ్వాలు మీదికి వస్తుంది. దాని వెంట కబుర్లు వస్తవి.

ఆ బల్ల దగ్గర రెండే నియమాలు. నాణేన్ని చేతి నుంచి చేతికి ఇవ్వరాదు. తువ్వాలు మీద పెట్టవలె. ఎదుటివారు దానిని అంచులు పట్టుకొని తీసుకోవలె. జారి గచ్చు మీద పడితే అంచు నొక్కుకుపోతుంది. బొమ్మ మీద వేలు వేస్తే చెమటలోని ఉప్పు అంటుకొని, కొన్నాళ్లకు వేలిముద్ర అచ్చు వేసినట్లు తేలుతుంది. ఇక రెండవ నియమం: నాణెం మీదికి వంగి మాట్లాడరాదు. నోటి తుంపర పడిన చోట మచ్చ లేస్తుంది. ఈ రెండవ నియమం పాటించటం మాకు మహా కష్టం. తెలుగువాళ్లం కదా!

చింతపండు కథ

మొదట నా తప్పు చెప్పుకుంటాను. నాకు పదేండ్లప్పుడు, దీపావళికి ముందు, మా నాయనమ్మ లక్ష్మీపూజలో పెట్టే వెండి రూపాయలు నా చేతికి ఇచ్చి, "కాస్త తుడిచి పెట్టరా నాయనా" అన్నది. మొత్తం పదకొండు రూపాయలు. అన్నీ నల్లబడి వున్నవి. తుడవమన్నది ఆవిడ. నేను చింతపండు, బూడిద తెచ్చుకొని, రాగిచెంబులు తోమినట్లు అరగంట తోమినాను. తళతళలాడినవి. నాయనమ్మ మెచ్చుకున్నది. ఒక కాజా కూడా పెట్టింది.

చాలా ఏండ్ల తరువాత ఆ పదకొండూ నా వంతుకు వచ్చినవి. తెలిసినవారొకరికి చూపించాను. ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశారు. రాణీ విక్టోరియా కాలపు రూపాయలు నాలుగు, ఎడ్వర్డువి మూడు, అయిదవ జార్జివి నాలుగు. అన్నీ చూసి భూతద్దం క్రింద పెట్టి, "ఎవరండీ వీటిని తోమింది?" అన్నారు. నేను మాట్లాడలేదు. "వెండి ఎక్కడికీ పోలేదు, తూకానికి కొంటారు. కాని నాణెం పోయింది" అన్నారు.

ఆ మాటకు అర్థం నాకు తరువాత తెలిసింది. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం మీద ఒక రకమైన మెరుపు ఏర్పడుతుంది. అది ఎంతో పలుచని పొర. పైన ఏండ్ల తరబడి కమ్మిన నలుపు ఆ పొరను కాపాడుతూ వుంటుంది. బూడిదతో తోమితే నలుపుతో పాటు ఆ పొరా పోతుంది, రాణి జుట్టులోని సన్నని గీతలూ పోతవి, వాటి స్థానంలో మన తోముడు గీతలు మిగులుతవి. పోయినది తిరిగి రాదు. సేకరించేవారు నల్లని నాణేన్ని ఆదరిస్తారు గాని తోమిన నాణేన్ని ఆదరించరు.

కనుక మొదటి సూత్రం: తోమవద్దు. చింతపండు, నిమ్మకాయ, పళ్లపొడి, సోడా, గిన్నెలు తోమే పొడి — ఏదీ వద్దు. మట్టి అంటుకొని వుంటే బ్యాటరీలలో పోసే శుద్ధజలంలో ఒక రోజు నానబెట్టి, మెత్తని గుడ్డ మీద ఉంచి, రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. అతుకు కాగితపు జిగురు వుంటే మందుల రసాయనాలు అమ్మే దుకాణంలో దొరికే స్వచ్ఛమైన అసిటోను పనిచేస్తుంది. గోళ్లరంగు తుడిచే సీసా పనికిరాదు. అందులో రంగులు, వాసనలు కలుస్తవి. అసిటోను తొందరగా అంటుకునే పదార్థం, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా, పిల్లలు లేనప్పుడు వాడవలె. ఇంతకు మించి చేయవలసి వస్తే, చేయకుండా వూరుకోవటమే మంచిది.

కానీ, బేడ, పావలా

మా కుర్రవాళ్లకు "పావలా" అంటే తెలుసును, "బేడ" అంటే తెలియదు. అందుచేత అప్పుడప్పుడు పాఠం చెప్పవలసి వస్తుంది. రూపాయికి పదహారు అణాలు. అణాకు నాలుగు కానీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి. కానీని మూడు చేస్తే పైలు, అంటే రూపాయికి 192 పైలు. మా రైల్వే పెద్దాయన ఈ లెక్క పద్యంలాగా అప్పగిస్తారు.

1957 ఏప్రిలు 1వ తేదీ నుంచి రూపాయికి నూరు నయాపైసలు అయినవి. అప్పుడు వచ్చిన చిక్కు అణాతో వచ్చింది. నూటిని పదహారు భాగాలు చేస్తే ఆరుంపావు. పావు నయాపైస లేదు గనుక అణాకు ఆరు నయాపైసలు అని లెక్క కట్టారు. నాలుగణాలకేమో ఇరవై అయిదు. పావలా ఒక్కసారిగా మార్చితే ఇరవై అయిదు వస్తవి, అణాలుగా నాలుగుసార్లు మార్చితే ఇరవై నాలుగే వస్తవి! ఆ ఒక్క నయాపైస కోసం దుకాణాల దగ్గర ఎన్ని తగవులు జరిగినవో పెద్దాయన అభినయించి చూపుతారు. 1964 జూను 1వ తేదీ నుంచి "నయా" అనే మాట తీసివేశారు. నాణేలు సేకరించటం క్రొత్తగా మొదలుపెట్టేవారికి 1957 నుంచి 1963 దాకా ముద్రించిన ఈ నయాపైసలే మంచి ఆరంభం. ఖర్చు తక్కువ, దొరకటం తేలిక, ఆకారాలు రకరకాలు, పిల్లలకు సరదా.

చిల్లు వున్న కానీ ఒకటి బల్ల మీదికి వచ్చినప్పుడల్లా మాస్టారికీ శెట్టిగారికీ వాదం పడుతుంది. యుద్ధకాలంలో రాగి పొదుపు చేయటానికి 1943 నుంచి 1947 దాకా మధ్యన గుండ్రని బెజ్జంతో కానీలు ముద్రించారు. ఆ నాణెం మీద రాజుగారి తల లేదు, కిరీటం మాత్రమే వున్నది. కొందరు వాటిని మరచీలల క్రింద బిళ్లలుగా కూడా వాడుకున్నారట. "చిల్లిగవ్వ లేదు అనే మాట దీని నుంచే పుట్టింది" అంటారు శెట్టిగారు. "గవ్వ అంటే గవ్వేనండీ! గవ్వలు చిల్లరగా చెల్లిన కాలం నాటి మాట అది. ఈ కానీ దానికి మనుమరాలు" అంటారు మాస్టారు. నేను మాస్టారి పక్షం.

నూటపదహార్ల సంగతి మరొకటి. నిజాం వారి హాలీసిక్కా రూపాయలు 116 చిల్లర ఇస్తే బ్రిటిషు రూపాయలు నూరు వచ్చేవి గనుక, కట్నకానుకలలో నూటపదహారు ఇచ్చే ఆచారం వచ్చిందని హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన చెప్పారు. 116 రూపాయల 10 అణాల 8 పైలకు నూరు అన్న మారకపు రేటు నిజమే. "మరి నిజాం ఏలుబడి లేని మా గంజాంలో కూడా నూటపదహార్లే ఎందుకు చదివిస్తున్నాము?" అని పెద్దాయన అడిగారు. ఆ చుట్టం కాఫీ త్రాగుతూ వుండిపోయారు.

అణా మీద తెలుగు

ఇక నాకు అన్నిటికన్న ప్రియమైన నాణెం గురించి చెబుతాను. అది వెండి కాదు, బంగారం కాదు. అంచులు పువ్వులాగా వంపులు తిరిగిన తెల్లని అణా. రాగి, నికెలు కలిపి చేసినది. ఎడ్వర్డు కాలంలో మొదలై బ్రిటిషు పాలన ముగిసేదాకా ముద్రించినది. సంతలో రాశిలో పోసి అమ్ముతారు.

దానిని తిప్పి చూడండి. విలువ ఇంగ్లీషులో వుంటుంది. చుట్టూ మరి నాలుగు లిపులలో వుంటుంది: ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. అవును, తెలుగే. కరాచీలోనూ, కలకత్తాలోనూ, పెషావరులోనూ ఒక అణా పెట్టి సరుకు కొన్న ప్రతివాని చేతిలోనూ మన అక్షరాలు మెదిలినవన్న మాట. స్వతంత్రం వచ్చిన తరువాత 1950లో క్రొత్త నాణేలు వచ్చినవి. వాటి మీద అశోకుని సింహాలు, కానీ మీద గుర్రం, అణా మీద ఎద్దు. అక్షరాలు నాగరి, ఇంగ్లీషు మాత్రమే. నోట్ల మీది భాషల పట్టీలో తెలుగు ఇప్పటికీ వున్నది. చెల్లుబడి చిల్లర మీద నుంచి మాత్రం అప్పుడే వెళ్లిపోయింది.

అంతకు ముందు కూడా తెలుగు నాణెం మీద లేకపోలేదు. ఈస్టిండియా కంపెనీవారు 1807 ప్రాంతంలో మద్రాసులో ముద్రించిన వెండి అరవరాహ, పావువరాహల మీద ఒక వైపు గోపురం, రెండవ వైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ తెలుగు అక్షరాలు వున్నవి. అవి ఖరీదైనవి. చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియం వంటి చోటికి వెళ్లవలె. అణా మాత్రం మనందరికీ అందేది.

మా సభకు వచ్చే కుర్రవాళ్లలో ఒకడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవటం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. వాళ్ల ముత్తాత పెట్టెలో దొరికిన అణాలు తెచ్చి, "ఈ గుండ్రంగా వున్న అక్షరాలు ఒడియా అనుకున్నానండీ" అన్నాడు. మాస్టారు వాణ్ణి తన ప్రక్కన కూర్చోబెట్టుకొని, భూతద్దం క్రింద ఒక్కొక్క అక్షరం చూపించి చదివించారు. వాడు కూడబలుక్కొని చదివిన మొదటి తెలుగు అది. మరుసటి నెల వాడు అణా తేలేదు, పెద్దబాలశిక్ష తెచ్చాడు. ఏ ధరల జాబితాలోనూ ఈ లాభం వ్రాసి వుండదు.

చుక్క, వజ్రం, నక్షత్రం

పిల్లలకు ఒక ఆట చెబుతాను. ఈ రోజు మీ ఇంట్లో వున్న చిల్లర అంతా బల్ల మీద పోయండి. ప్రతి నాణెం మీద సంవత్సరం అంకె క్రింద చూడండి. చిన్న చుక్క వుంటే నోయిడాలో ముద్రించినది. వజ్రం ఆకారపు గుర్తు వుంటే ముంబయి. అయిదు మొనల నక్షత్రం వుంటే హైదరాబాదు. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. మా కుర్రవాళ్లు నక్షత్రం కోసం పోటీపడి వెదుకుతారు.

హైదరాబాదు టంకశాల నిజాం వారిది. సైఫాబాదు భవనం 1903 నాటిది. 1950లో భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. బంధువుల ఇంటికి హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లలకు తప్పక చూపించండి. 2023 ఆగస్టు 28న ఎన్.టి. రామారావుగారి శతజయంతికి విడుదల అయిన నూరు రూపాయల నాణెం కూడా ఆ టంకశాలలో ముద్రించినదే. 35 గ్రాముల బరువు, సగం వెండి. అటువంటివి బజారులో మార్చుకోవటానికి కాదు, దాచుకోవటానికి ముద్రిస్తారు.

అసలు, నకిలీ

వెండి రూపాయి కొనేటప్పుడు పూర్వం షరాబులు రాతి మీద మోగించి చూసేవారు. మీరు ఆ పని చేయకండి, అంచు దెబ్బ తింటుంది. దానికన్న మంచి సాక్షులు మూడు వున్నవి: తక్కెడ, అయస్కాంతం, భూతద్దం.

విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి రూపాయలు తులం ఎత్తు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. చాలాకాలం చేతులు మారి అరిగితే కొద్దిగా తగ్గవచ్చు గాని, పది గ్రాములే వుంటే అనుమానించవలె. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండి అసలు లేదు, అది నికెలు. నికెలును అయస్కాంతం లాగుతుంది, వెండిని లాగదు. "1947 వెండి రూపాయి" అని ఎవరైనా అమ్మజూపితే జేబులోని చిన్న అయస్కాంతం తీయండి, సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

1862 అంకె వున్న రాణి రూపాయి దొరికిందని చాలామంది సంబరపడతారు. అదే అంకెతో 1874 దాకా ముద్రిస్తూనే వున్నారు. అది అంత అరుదు కాదు. అసలు ఏ సంవత్సరపుదో అచ్చులోని చిన్న చుక్కలను బట్టి పోల్చుకుంటారు. రాణి పేరు వెనుక ఇంగ్లీషులో "క్వీన్" అని వుంటే 1876 లోపు, "ఎంప్రెస్" అని వుంటే 1877 తరువాత.

1911 రూపాయి కథ అందరికీ ఇష్టం. రాజుగారి అంగీ మీద పతకంలో చిన్న ఏనుగు వున్నది. తొండం పొట్టిగా పడి జనానికి అది పందిలాగా కనిపించింది. గొడవ అయింది. పంచిపెట్టనివాటిని కరిగించి, 1912 నుంచి తొండం స్పష్టంగా తెలిసేటట్లు మార్చారు. అందువల్ల 1911 రూపాయికి గిరాకి ఎక్కువ. గిరాకి వున్నచోట నకిలీ వుంటుంది, జాగ్రత్త.

యాత్రాస్థలాలలో అమ్మే "ఈస్టిండియా కంపెనీ" నాణేల సంగతి కూడా చెప్పవలె. ఒక వైపు హనుమంతుడో, శ్రీరామపట్టాభిషేకమో, రెండవ వైపు 1616 అనో 1818 అనో అంకె, అర్ధణా అనే మాట. ఇవి ఏ టంకశాలలోనూ ముద్రించిన నాణేలు కావు. భక్తితో పూజలో పెట్టుకుంటే ఎవరూ కాదనరు. బియ్యాన్ని లాగుతుందనీ, మహిమ గలదనీ చెప్పి వేలకు వేలు అడిగితే మాత్రం మోసం.

లక్షల ఆశ

ఇప్పుడు చెప్పబోయేది నవ్వులాట కాదు. మా వీధిలో ఒక పిన్నిగారు వున్నారు. భర్త పోయారు, పింఛను మీద జీవనం. ఒకనాడు ఫోనులో ప్రకటన చూశారు. వైష్ణోదేవి బొమ్మ వున్న అయిదు రూపాయల నాణెం వుంటే పది లక్షలు ఇస్తామని. ఆవిడ పోపులడబ్బాలో ఆ నాణెం వున్నది. ఫోను చేశారు. అవతలివారు ఎంతో మర్యాదగా "అమ్మగారూ" అంటూ మాట్లాడారు. పేరు నమోదుకు పదిహేను వందలు అన్నారు. పంపారు. తరువాత పన్ను అన్నారు, ఆపైన బీమా అన్నారు. రిజర్వు బ్యాంకు ముద్ర వున్న కాగితం ఫోనులో పంపారు. నాలుగు నెలల పింఛను వెళ్లిన తరువాత ఆ ఫోను మూగపోయింది.

ఆ నాణేలు 2012లో దండిగా ముద్రించి చెల్లుబడిలోకి వదిలినవి. అయిదు రూపాయలది అయిదు రూపాయలే. పిన్నిగారు ఈ సంగతి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. "ఆశపడ్డాననుకుంటారని సిగ్గేసింది నాయనా" అన్నారు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను. సిగ్గుపడవలసినది మోసం చేసినవాడు.

రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది: పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాలలో తనకు సంబంధం లేదు, వాటికి ఏ రుసుమూ వసూలు చేయదు, తన పేరుతో వసూలు చేయటానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని. ఒక్క మాట గుర్తుంచుకోండి. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. మీ నాణెం కొంటానని మీనుంచే ముందుగా డబ్బు అడిగినవాడు దొంగ. ఇప్పటికే పంపి వుంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. ఎంత తొందరగా చెబితే సొమ్ము ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పుకార్లవల్ల ఇంకో రకపు నష్టం కూడా వున్నది. పది రూపాయల నాణెం మీద పది గీతలే వుండాలి, పదిహేను వుంటే చెల్లదు అని ఎవరో పుట్టించారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతవని చెప్పినా, కొన్ని వూళ్లలో తీసుకోవటానికి నిరాకరించారు. మా శెట్టిగారు మాత్రం తీసుకుంటూనే వున్నారు. ఇక 25 పైసలు, అంతకు చిన్నవి 2011 జూను 30తో చెల్లుబడి పోయినవి. యాభై పైసలు చెల్లుతవి.

దాచే పద్ధతి

సముద్రం దగ్గర వున్నవాళ్లకు, అంటే మా బరంపురం, యానాం, చెన్నై వాళ్లకు, చెమ్మ మొదటి శత్రువు. బీరువాలో నాణేల డబ్బాతో పాటు చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వానాకాలంలో మార్చుతూ వుండవలె.

మెత్తని, వాసన వచ్చే ప్లాస్టిక్కు అరల ఆల్బములు వాడకండి. కొన్నేండ్లకు వాటి నుంచి ఆకుపచ్చని జిగురు దిగి నాణేలకు పడుతుంది. గట్టి పారదర్శకపు మైలారు అరలు వున్న అట్టలు, లేదా ఆమ్లం లేని కాగితపు కవర్లు మంచివి. అట్టకు వేసిన పిన్నులు చదునుగా నొక్కండి, లేకపోతే ప్రక్క నాణేన్ని గీరుతవి.

రబ్బరు బ్యాండు చుట్టకండి. అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. దినపత్రిక కాగితంలోనూ చుట్టకండి. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చని పొడి రాలుతూ వుంటే అది అంటురోగం అనుకోండి, దానిని వేరుగా ఉంచండి. మెడలో వేసుకోవటానికి వెండి రూపాయికి కొక్కెం అతికించవద్దు. కాసులపేరు వేరు, అది నగ. నాణెంగా దాచదలచినదానికి అతుకు పడితే తోమినదానితో సమానమే.

చట్టం మాట

పునాది త్రవ్వుతుంటేనో, దున్నుతుంటేనో భూమిలో నాణేలు దొరికితే అవి మనవి అనుకోరాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా కలెక్టరుకు తెలియజేయవలె. దాచినా, కరిగించినా నేరం. అంతకన్న పెద్ద నష్టం వేరే వున్నది. ఏ కుండలో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికినవో తెలిస్తేనే చరిత్ర తెలుస్తుంది. నూరేండ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం క్రిందికి వస్తవి, వాటిని దేశం దాటించకూడదు. అమెరికాలో వున్న మనుమడికి తాతగారి వెండి రూపాయలు పంపుదామనుకునేవారు ఇది గమనించవలె.

ఒక చీటీ వ్రాయండి

చివరి మాట. నా పదకొండు రూపాయలూ తోముడు తిన్నవే. అమ్మితే వెండి ధర తప్ప రాదు. అయినా వాటిని అమ్మలేదు. ప్రతి దానికీ ఒక చిన్న కాగితపు కవరు చేసి, మీద పెన్సిలుతో వ్రాసిపెట్టాను: ఏ సంవత్సరపుది, ఎంత బరువు, ఎవరి నుంచి వచ్చింది. "నాయనమ్మ లక్ష్మీపూజ రూపాయి. నేను చింతపండుతో తోమినాను" అని కూడా వ్రాశాను.

నాణెం మీద రాజుగారి పేరు వుంటుంది, దాచినవారి పేరు వుండదు. అది మనం వ్రాయకపోతే మన తరువాత ఎవరూ వ్రాయరు. తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో వున్నప్పుడే ఆ మూట విప్పండి. ఒక్కొక్క నాణెం తువ్వాలు మీద పెట్టి అడగండి. ఇది ఎక్కడిది? ఎవరు ఇచ్చారు? ఏ పెళ్లిలో, ఏ ప్రయాణంలో, ఏ మొదటి జీతంలోది? ఫోనుతో రెండు వైపులా ఫొటో తీయండి. చీటీ వ్రాయండి. మళ్లీ పెట్టెలో పెట్టండి.

తోమకండి, ఆశపడి మోసపోకండి, చీటీ వ్రాయకుండా దాచకండి. మా ఆదివారం బల్ల మీద నేను నేర్చుకున్నది ఈ మూడు మాటలే. మీరు ఎప్పుడైనా బరంపురం వస్తే, మొదటి ఆదివారం అయితే, మీ జేబులోని నాణెంతో మా చదువుగదికి రండి. కాఫీ మాది, కబుర్లు మీవి.